కాల్చిన రొట్టె మీది జున్ను



హైదరాబాదులో హైటెక్ సిటీ ప్రాంతమున కొలువు చేయు మనుమడో మనుమరాలో పండుగకు ఇంటికి వచ్చి, ఒక ఉదయమున వంటయింటిలో దూరి, పెనము మీద రొట్టెముక్కలు కాల్చి, వానిపై పచ్చని ముద్ద యొకటి తురిమి, అది కరగి జాలువారుచుండగా తాతగారి పళ్ళెములో పెట్టుట ఈ కాలమున మన పల్లెలలో అరుదైన సంగతి కాదు. తాతగారు దానిని వ్రేలితో తాకి చూతురు. అది తీగవలె సాగును. "ఇది యేమిరా?" అని అడుగుదురు. "చీజు టోస్టు, తాతయ్యా" అని జవాబు. "జున్నా?" "జున్ను కాదు." "అయితే పనీరా?" "అదియును కాదు." మరి యేమి? కుర్రవాడు చెప్పలేడు. వాడు దానిని అంగడిలో కొన్నాడు గాని దాని పుట్టుపూర్వోత్తరములు విచారింపలేదు.

ఆ చరిత్ర తెలిసికొనుట వృథాశ్రమ కాదు. ఆ రొట్టె మీద కరగినది పాలు. పాలనగా మన పెరటి పాడి. మన పాలు ఏ రూపమున పట్టణమునకు పోవుచున్నవో, ఏ రూపమున మరల మన యింటికి వచ్చుచున్నవో, అందులో ఎవరికెంత చేరుచున్నదో తెలియవలెనన్న ఈ చిన్న పలహారము నుండియే మొదలుపెట్టవచ్చును. కాల్చిన రొట్టెకు ఏ చీజు తగినదను ప్రశ్నకు కూడ చివర సమాధానము చెప్పెదను.

ముందుగా పేర్ల చిక్కు విప్పుకొందము. మన తెలుగున జున్ననగా, ఈనిన ఆవుది గాని గేదెది గాని మొదటి దినముల పాలు బెల్లము, మిరియాలు చేర్చి ఉడికించిన పదార్థము. ఆ పాలు వేడి తగిలినంతనే తమంత తామే గట్టిపడును. వేరొక తోడు అక్కరలేదు. తెలుగులోనికి బైబిలును పరివర్తించిన వారు పాశ్చాత్యుల చీజునకు తగిన మాట వెదకి ఈ జున్ను అను మాటనే గ్రహించిరి. దావీదు యుద్ధభూమికి కొనిపోయినవి తెలుగు బైబిలులో జున్నుగడ్డలే. మాట దగ్గరిదే కాని వస్తువు వేరు. ఇక పనీరు పారసీక పదము. పెండ్లిలో చల్లు పన్నీరునకును దీనికిని చెవికి తోచు పోలికయే గాని చుట్టరికము లేదు. కావున ఈ ప్రసంగమున మన జున్నును జున్ననియే, విరిగిన పాల గడ్డను పనీరనియే, ఆ సాగెడు వస్తువును పిల్లలు పిలుచునట్లు చీజనియే వ్యవహరించెదను.

పాలు విరిచి తినుట మన దేశమునకు క్రొత్త కాదు. చాతుర్మాస్య యాగములలో వైశ్వదేవ పర్వమున కాగిన పాలలో పెరుగు పోసి విరిచెడి విధి గలదు. గట్టిగా నిలిచిన భాగమునకు ఆమిక్ష యని పేరు; అది విశ్వేదేవతలకు చెందును. వేరుపడిన తేటకు వాజినమని పేరు. అది వాజులకు చెందును. దీనిపై మీమాంసకులు ఒక చక్కని చర్చ చేసిరి. పాలలో పెరుగు పోయుట ఆమిక్ష కొరకా, వాజినము కొరకా, రెండింటి కొరకా? ఆమిక్ష కొరకే యనియు, వాజినము వెంట తనంత తానుగా వచ్చునదే యనియు వారు తేల్చిరి. ఈ తీర్పును కొంచెము జ్ఞాపకముంచుకొనుడు. కడపట దీనితో పని యున్నది. పండ్రెండవ శతాబ్దిలో కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున కూడ పాలను పులుపుతో విరిచి తీపివంటకములు చేయు విధానము చెప్పబడినది. నేటి తెలంగాణమున పెద్దభాగము ఆనాడు ఆ చాళుక్యుల యేలుబడిలోనిదే.

అయినచో ఆమిక్షకును చీజునకును భేదమేమి? భేదము విరుపులో నున్నది. మనము పాలను బాగుగ కాచి, పులుపు పోసి విరుతుము. పాశ్చాత్యులు పాలను గోరువెచ్చగా నుంచి, పాలు త్రాగెడు దూడ కడుపులో నుండి తీసిన రెన్నెట్ అను ద్రవమును చుక్కలుగా వేసి పేరబెట్టుదురు. దూడ కడుపున తల్లిపాలు పేరుకొనుట ఆ ద్రవము వలననే. ఈ రెండు విధములలో పాలలోని మాంసకృత్తు రెండు తీరుల కట్టు కట్టును. రెన్నెట్ వేసినపుడు ఆ మాంసకృత్తు పోగులు పాలలోని కాల్షియముతో, అనగా ఒక విధమగు సున్నముతో, రాయికి రాయి అతికినట్లు అతుకుకొని వలవలె ఏర్పడును. తరువాత నెమ్మదిగా పులుపెక్కుచుండగా ఆ సున్నము కొంత కరగి కట్టు సడలును. అట్టి గడ్డకు వేడి తగిలినచో పోగులు జారి ప్రవహించును. మనము కాచిన పాలలోనో, ఎక్కువ వేడి వలన తేటలోని మాంసకృత్తు కూడ పోయి ఆ పోగులకు అంటుకొనును. పులుపు ఒక్కసారిగా పడుట వలన సున్నమంతయు విడిపోవును. అందుచేత పనీరు ఎంత కాల్చినను ఎఱ్ఱబడునే గాని కరగదు. కూరలో ముక్క చెదరక నిలుచుట దాని గుణము. రొట్టె మీద సాగకపోవుట కూడ ఆ గుణమే.

దూడ కడుపను మాట వినగానే మీలో కొందరు చేయి వెనుకకు తీసికొందురు. ఆ సంకోచము న్యాయమైనదే. కాని నేడు మన దేశమున తయారగు చీజులో పెద్దభాగము దూడ కడుపు రసముతో కాక, ఒక జాతి బూజు నుండి తీసిన రసముతో పేరబెట్టబడుచున్నది. పొట్లము మీద ఆకుపచ్చని చుక్క ఉన్నదో లేదో చూచుకొన్న చాలును. సీమ నుండి వచ్చు చీజులలో దూడ రసముతో చేసినవి ఇప్పటికిని గలవు.

ఇక సీమ కథ. ఇంగ్లాండులో సోమర్సెట్ మండలమున చెడ్డార్ అను గ్రామమున్నది. కొండచీలికలో చల్లని గుహలు గల ఊరు. ఆ ఊరి పేరనే చెడ్డార్ చీజు వెలసెను. 1170వ సంవత్సరపు రాజ్యపు లెక్కలలోనే రెండవ హెన్రీ రాజు ఆ చీజును కొన్నట్లు గలదు. పందొమ్మిదవ శతాబ్దిలో జోసెఫ్ హార్డింగ్ అను రైతు దాని తయారీకి వేడియు, పులుపును, శుభ్రతయు కొలతకు తెచ్చి, అందరికిని ఒకే తీరున వచ్చునట్లు చేసెను. పేరిన గడ్డను పలకలుగా కోసి, ఒకదానిపై నొకటి పేర్చి, తిరుగవేయుచు తేట కార్చుట ఈ చీజు తయారీలోని కీలకము. తరువాత ఉప్పు వేసి, అచ్చులో నొక్కి, నెలల తరబడి మాగవేయుదురు.

కాల్చిన రొట్టె మీద చీజు కరగించి తినుట ఆ దేశమున పేదల తిండిగా మొదలైనది. దానికి వారు వెల్ష్ రాబిట్, అనగా వేల్సు దేశపు కుందేలు, అని పరిహాసపు పేరు పెట్టిరి. కుందేలు మాంసము కొనలేని పొరుగు వారికి చీజే కుందేలని ఎత్తిపొడుపు. మన ఊళ్ళలో ఒక ఊరివారు మరియొక ఊరివారి తిండిని వెక్కిరించుట వంటిదే యిది. 1747లో హన్నా గ్లాస్ అను ఆమె అచ్చువేసిన వంటల పుస్తకమున ఈ వంటకము స్కాట్లండు తీరు, వేల్సు తీరు, ఇంగ్లాండు తీరు అని వేర్వేరుగా వర్ణింపబడినది. వెక్కిరింతకు గురియైన పేదల పలహారము పెద్దల బల్లల మీదికి అప్పటికే ఎక్కినదన్నమాట.

హైదరాబాదునకు ఈ రుచి రెండు దారుల వచ్చెను. ఒకటి దండు దారి. 1806లో సికిందర్ జా పేర సికింద్రాబాదు ఏర్పడగా, ఆ కంటోన్మెంటుతో తెల్లదొరల తిండియు, కొలిమిలో కాల్చు రొట్టెయు వచ్చినవి. రెండవది ఇరానీల దారి. ఇరాను నుండి బొంబాయి మీదుగా వచ్చిన ఇరానీలు నగరపు మూలమూలల హోటళ్ళు పెట్టి, చిక్కని చాయయు, వెన్నపూసిన బన్నును జనులకు అలవాటు చేసిరి. హైదరాబాదీలు ఆ రొట్టెకు డబల్ రొట్టె యని పేరు పెట్టి, దానితో పాలు, పంచదార చేర్చి డబల్ కా మీఠా అను మిఠాయి కూడ కల్పించిరి. ఇట్లు రొట్టె ఊరిలో స్థిరపడెను. వెన్న స్థిరపడెను. చీజు మాత్రము దొరల క్లబ్బులలోను, పెద్ద హోటళ్ళలోను నిలిచిపోయెను. దక్కను ఎండకు అది రెండు దినములకే నూనె కక్కి, బూజు పట్టెడిది.

ఆ చిక్కునకు విరుగుడు స్విట్జర్లాండున పుట్టెను. 1911లో తూన్ అను ఊరిలో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అను నిరువురు, చీజును తురిమి, నిమ్మలో నుండు ఆమ్లపు లవణమొకటి చేర్చి, కాచి కలియబెట్టి, మరల గట్టిపడనిచ్చిరి. నూనె విడలేదు, మాగుట ఆగిపోయెను, చాలకాలము నిలువ ఉండెను. 1916లో అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ ఇట్టి పద్ధతికే హక్కుపత్రము పొందెను. దీనినే ప్రాసెస్డ్ చీజు అందురు. కొత్త ఎరుగని నాలుకకు ఇదియే చీజు రుచి. ఆ లవణము సున్నపు కట్టును తొలగించి పోగులను సడలించును గనుక, కాల్చినపుడు అది నున్నగా కరగును గాని తీగ సాగదు. ఉష్ణదేశములకు సరకు పంపు ఆశతో పుట్టిన ఈ వస్తువు చివరకు ఉష్ణదేశమగు మన దేశముననే పెద్ద ఇల్లు కట్టుకొన్నది.

ఆ ఇల్లు కట్టినవారు గుజరాతు రైతులు. 1946లో ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘము త్రిభువన్ దాస్ పటేలు నాయకత్వమున ఆనందులో ఏర్పడెను. అదియే తరువాత అమూల్ పేర ప్రసిద్ధమైనది. వర్గీస్ కురియను నిర్వాహకుడుగా, దలాయా యంత్రజ్ఞుడుగా పనిచేసిరి. గేదెపాలు పొడిగా మారవని సీమ నిపుణులు చెప్పుచుండగా వీరు 1955లో మార్చి చూపిరి. 1960లో ఏటికి 600 టన్నుల చీజు చేయగల విభాగమును జోడించిరి. గేదెపాలతో ఇంత పెద్దయెత్తున చీజు చేయుట లోకమున అదియే మొదటిసారి.

ఈ మాట విలువ గేదెలను పెంచిన మనకు తెలియవలెను. ఆవుపాలలో వెన్న నూటికి మూడు, నాలుగు పాళ్ళుండగా, గేదెపాలలో ఆరు, ఏడు పాళ్ళుండును. మాంసకృత్తును, సున్నమును కూడ హెచ్చు. అందుచేత గేదెపాలు రెన్నెట్ పడినంతనే బిరుసుగా పేరును. ఆ గడ్డ పొడిగా నుండి ఆలస్యముగా మాగును. రంగు తెల్లగా నుండును. ఆవుపాలకు గల పసిమి దానికి లేదు. చెడ్డార్ వంటి చీజుకు సీమవారే తరతరములుగా కలుపు పచ్చని రంగు ఒక చెట్టు గింజలలోనిది. ఆ గింజలు మన విశాఖ, శ్రీకాకుళపు మన్యములలో పండు జాఫ్రా గింజలే. మనుమడు తురిమిన ఆ పసుపు ముద్దకు మన కొండలతో అట్టి చుట్టరికము గలదు.

ఇక మాదాపురము. హైదరాబాదునకు పడమట గండశిలల నడుమ మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్ రామ్ గూడ అను చిన్న గ్రామములు ఉండెడివి. అచ్చటి దుర్గము చెరువు కుతుబ్ షాహీల కాలమున గోలకొండ కోటకు నీరిచ్చిన చెరువు. 1998 నవంబరు 22న ఆ గండశిలల మధ్య పది అంతస్తుల సైబర్ టవర్స్ భవనమును ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించెను. అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు. ఆ చుట్టుపట్ల ప్రాంతమునకే హైటెక్ సిటీ యనియు, విశాలముగా సైబరాబాదనియు పేర్లు స్థిరపడినవి. 2007లో ఆ గ్రామములున్న శేరిలింగంపల్లి హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసెను. 2019లో మెట్రో రైలు అచ్చటికి చేరెను.

ఆ భవనములలోని పని లోకపు గడియారమును బట్టి నడచును. అమెరికాలో తెల్లవారునప్పుడు మనకు ప్రొద్దు గ్రుంకును. కంప్యూటరు ముందు కూర్చుండువారిలో పెక్కురు అర్ధరాత్రి వేళ ఆకలిగొందురు. అన్నము వండుకొను తీరిక లేదు. రెండు రొట్టెముక్కలు, ఒక పలక చీజు, నాలుగు పచ్చిమిరపకాయ ముక్కలు, కొంచెము ఉల్లి—ఐదు నిమిషములలో కడుపు నిండును. వేల్సు పేదవాని పలహారము కొలువుకత్తెలకును, కొలువుకాండ్రకును రాత్రి భోజనమైనది ఇట్లే. దీనితోడనే పిజ్జా అను ఇటలీ రొట్టె వచ్చి, మొజారెల్లా అను మరియొక చీజును పరిచయము చేసెను. పేరిన గడ్డను మరుగు నీటిలో వేసి, పూరీపిండివలె పిసికి, లాగి సాగదీసి చేయు చీజది. కనుకనే తీగలు సాగును. ఇటలీలో దాని మేలిరకము గేదెపాలతోనే చేయుదురు. గేదెపాలు చీజుకు కొరగావని ఎవరైన అన్నచో వారికి ఈ ఒక్క సంగతి చాలును.

మరి తెలుగు పాలు ఎచ్చట నున్నవి? 1974లో ఆంధ్రప్రదేశ్ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడెను. 1981లో సహకార సమాఖ్య ఏర్పడి విజయ పేర పాలు అందించెను. 1992లో హెరిటేజ్, 1995లో దొడ్ల మొదలగు ప్రైవేటు డైరీలు తలయెత్తినవి. వీనిలో పాలు, పెరుగు, నెయ్యి ముఖ్యములు. చీజు మన గ్రామముల చేతి పని కాలేదు. 2014లో ఫ్రాన్సు దేశపు లాక్టాలిస్, లోకమున చీజు తయారించు సంస్థలలో మిక్కిలి పెద్దది, తిరుమల మిల్క్ ప్రాడక్ట్స్ అను తెలుగు పాల సంస్థను కొనెను. చీజు దేశమువారు మన పాల వాకిటికి వచ్చుట ఊరక రాలేదు. ఎక్కడ పాలుండునో అక్కడికి వ్యాపారము వచ్చును.

ఇచ్చట లెక్క గమనింపుడు. ఒక కిలో చెడ్డార్ చేయుటకు ఆవుపాలు సుమారు పది లీటర్లు కావలెను. గేదెపాలయినచో చిక్కదనము వలన ఇంకను తక్కువ చాలును. మిగిలిన తొమ్మిది పాళ్ళు తేట. ఆ తేటను పూర్వము కాలువలో పారబోసెడివారు, లేదా పందులకు పోసెడివారు. నేడు దానిని ఆరబెట్టి పొడి చేసి, కండలు పెంచు యువకులకు డబ్బాలలో అమ్ముచున్నారు. సైబరాబాదు వ్యాయామశాలలలో దానికి గల గిరాకి మనుమని నడుగుడు. మీమాంసకులు వాజినము వెంట వచ్చునదే యనిరి. నేటి వర్తకుడు వాజినమునకే ఆమిక్ష కంటె మిన్నగా వెల గట్టుచున్నాడు. అయినను రైతు పాలకు ధర కట్టునపుడు వెన్నశాతమును, గట్టిపదార్థమును చూతురు గాని, తేటలోని ఆదాయమును తలచి పైగా ఒక్క పైసా ఇచ్చుట మన యూళ్ళలో వాడుక కాదు. పాలసంఘముల పెద్దలారా, ఈ మాట మీరు మీ సంఘపు సభలో ఎత్తదగినది.

ఇప్పుడు ప్రశ్నకు వత్తము. కాల్చిన రొట్టెకు ఏ చీజు మేలు? ఆవుపాలతో చేసి, మూడు మొదలు తొమ్మిది నెలల వరకు మాగిన చెడ్డార్ ఉత్తమము. మిక్కిలి లేతదైనచో రబ్బరువలె సాగును గాని రుచి తక్కువ. ఏళ్ళ తరబడి మాగినదైనచో పోగులు తెగి, వేడికి నూనె విడిచి పొడియగును; దానిని ఉత్తిగా తినుట మేలు. చెడ్డార్ దొరకనిచోట సగము ప్రాసెస్డ్ చీజు, సగము మొజారెల్లా కలుపుడు. ఒకటి ఉప్పును, రుచిని ఇచ్చును, రెండవది సాగును. పనీరును టోస్టుకు వాడవలెనన్న చిదిమి, ఉప్పు, మిరియము, కొత్తిమీర కలిపి పరచుడు; అది కరగునని మాత్రము ఆశపడకుడు. ఏ చీజైనను తురిమియే వేయవలెను. రొట్టెను ముందుగా ఒక వైపు కాల్చి, ఆ కాలిన వైపున తురుము పరచి, సన్నని సెగ మీద మూత పెట్టినచో రెండు మూడు నిమిషములలో కరగును. మంట హెచ్చించినచో పోగులు ముడుచుకొని, నూనె పైకి తేలి, తోలువలె బిరుసెక్కును. వంటయింటిలో ఓపికకు మించిన మసాలా లేదు.

రెండు జాగ్రత్తలు చెప్పక తప్పదు. పాలవెన్న బదులు పామాయిలు వంటి నూనె చేర్చి చీజును పోలినట్లు చేయు సరకు అంగళ్ళలో గలదు. దానిని చీజను పేర అమ్మరాదని చట్టము చెప్పుచున్నది. అనలాగ్ అను మాట పొట్లము మీద ఉండవలెను. సన్నని అక్షరములు మనుమనిచే చదివించుకొనుడు. ఊరి పాలకు గిరాకి తగ్గించునది గేదెపాల కొరత కాదు, ఈ నకిలీయే. రెండవది, చీజులో, అందులోను ప్రాసెస్డ్ చీజులో, ఉప్పు హెచ్చు. రక్తపుపోటు గల పెద్దలు అప్పుడప్పుడు ఒక పలకతో తృప్తిపడవలెను. పాలు గిట్టక పొట్ట ఉబ్బువారికి మాత్రము ఒక మేలున్నది. బాగుగ మాగిన చీజులో పాలచక్కెర దాదాపు ఉండదు గనుక అది వారికి కొంత ఒప్పును.

కుర్రవాడు పళ్ళెములో పెట్టిన ఆ ముక్కను కాదనక పుచ్చుకొనుడు. ఆమిక్షను ఎరిగిన వంశములో పుట్టి, గేదెలను ఎరిగిన పల్లెలో పెరిగిన మీకు అది పరాయిది కాదు. తిన్న పిదప వానిని రెండు ప్రశ్న లడుగుడు: ఇది ఎవరి పాలు? తేట ఎక్కడికి పోయినది? వాడు కంప్యూటరులో వెదకి చెప్పగలిగినచో సంతోషము. లేనిచో ఈ ప్రసంగమును వానికి వినిపింపుడు. పాడి ఉన్న ఇంట మాటకును, పాలకును కొరత ఉండదు.